వింత వాయింపా, తప్పు వేగమా: గూల్డ్ రికార్డు వినే పద్ధతి

కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1955లో బాఖ్ గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్‌ను (ఆరియా అనే ఒక రాగమాలిక, దాని మీద ముప్పై మార్పులు, అంటే వేరియేషన్లు) 38 నిమిషాల చిల్లరలో ముగించాడు. 1981లో మళ్లీ రికార్డు చేసినప్పుడు 51 నిమిషాలు తీసుకున్నాడు. ఇలాంటి రికార్డులు వినేముందు ఒకటి తేల్చుకోవాలి: ఆ వింత వాయించినవాడిదా, మన మెషిన్‌దా? పియానోలో గమకం ఉండదు. మీట నొక్కాక స్వరం పైకీ కిందికీ కదలదు. అందుకే టర్న్‌టేబుల్ లోపం పియానో రికార్డులో ఇట్టే దొరికిపోతుంది.

ముందు వేగం చూడండి. ప్లాటర్, అంటే రికార్డు తిరిగే పళ్లెం, అంచున చిన్న కాగితం ముక్క అంటించి, రికార్డు పెట్టి, సూది దాని మీద ఆనించి తిప్పండి. ఖాళీగా తిప్పితే సూది రాపిడి లెక్కలోకి రాదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి 100 చుట్లు లెక్కపెట్టండి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీకి 180 సెకన్లు పట్టాలి. 184 పట్టిందంటే రెండు శాతం పైచిలుకు నెమ్మది, శ్రుతి అర స్వరంలో మూడో వంతుకు పైగా దిగినట్టే. చాలాసార్లు కారణం సాగిపోయిన బెల్టే.

హన్మకొండలో ఏ గల్లీ చూసినా అమెరికాలో పిల్లలున్న ఇల్లు ఒకటి ఉంటుంది కాబట్టి ఇది కూడా చెప్పాలి. అక్కడి పాత టర్న్‌టేబుల్ తెచ్చుకుంటే, అందులో ఏసీ సింక్రనస్ మోటారు ఉంటే, అది కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతుంది. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్ మార్చదు. 33⅓ కాస్తా 28 దగ్గరికి పడిపోతుంది. గోల్డ్‌బెర్గ్ ఆరియా మొదటి స్వరం జి, మన లెక్కలో ఐదు శ్రుతి. ట్యూనర్ యాప్ ముందు పెడితే అది ఇ దగ్గర, అంటే మూడు శ్రుతి దగ్గర చూపిస్తుంది. 1955 రికార్డు 46 నిమిషాలు సాగుతుంది, మనం అబ్బ ఎంత నిదానం అని మెచ్చుకుంటూ కూర్చుంటాం! దీనికి 50 హెర్ట్జ్ పుల్లీ మార్చాలి. డీసీ మోటారు ఉన్నవాటికి ఈ బాధ లేదు. వేగం సరిచూసే గీతల బిళ్ల, స్ట్రోబ్ డిస్క్, కొంటే 180 గీతలున్నది తీసుకోండి, 216 గీతలది 60 హెర్ట్జ్‌కు.

తర్వాత ఊగడం. స్వరం సాగి ముడుచుకుంటున్నట్టు వినిపిస్తే, ఎంతసేపటికోసారో చూడండి. సరిగ్గా 1.8 సెకన్లకోసారి వస్తే అది ఒక చుట్టు, కాబట్టి తప్పు రికార్డుదే: వంగింది, లేదా రంధ్రం నడిమధ్యలో లేదు. పియానిస్టు కాలాన్ని సాగదీస్తే గడియారంలా రాదు, స్వరం ఎత్తూ మారదు. వరంగల్ ఎండల్లో స్లాబు కింది పై గదిలో ఎల్పీలు ఒకదానిమీదొకటి పేర్చి పెడితే వంగడం ఖాయం. కింది గదిలో, నిలువుగా పెట్టండి.

గది సంగతి: షాబాద్ బండల నేల శబ్దాన్ని తిప్పికొడుతుంది, కొత్తవాడ దరీ ఒకటి స్పీకర్లకూ కుర్చీకీ మధ్య పరిస్తే చాలు. కూలర్ మాత్రం ఆపాల్సిందే. 1981 ఆరియా ఆ హోరులో మునిగిపోతుంది. కూలర్ ఆపాక ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపిస్తే భయపడకండి, అది గూల్డ్ గొంతే. ఫోన్‌లో వినేవాళ్లు క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ చివరను తర్వాతిదాని మొదలుతో కలిపేసే సెట్టింగ్) ఆపెయ్యాలి. 1981లో ఒక వేరియేషన్ లయ నుంచి తర్వాతిదాని లయ పుట్టేలా వాయించాడు, మధ్య విరామాన్ని యాప్ మింగేస్తే ఆ లెక్కంతా పోతుంది.

ఇక పోల్చడం. మొత్తం నిడివిని నమ్మొద్దు, రిపీట్లు, అంటే ఒక భాగాన్ని రెండోసారి వాయించడం, మోసం చేస్తాయి. 1955లో గూల్డ్ రిపీట్లు వదిలేశాడు, 1981లో కొన్ని తీసుకున్నాడు. అందుకే రెండింట్లోనూ రిపీట్ లేని మొదటి ఆరియాను పట్టుకోండి: 32 బార్లు (మన ఆవర్తనాల్లాంటివి), బారుకు మూడు దెబ్బలు, మొత్తం 96. రూపకం వేసినట్టు రెండు దెబ్బలు, ఒక విసురు. 1955లో 1 నిమిషం 53 సెకన్లు, అంటే నిమిషానికి 51 దెబ్బలు. 1981లో 3 నిమిషాల 5 సెకన్లు, దాదాపు 31. నిజంగా ఎంత నెమ్మదించాడో ఈ లెక్క చెబుతుంది. 31 దగ్గర తాళం నిలబెట్టడం చేతికే కష్టం, వేసి చూడండి.

మొజార్ట్ పియానో సొనాటా కె. 331 మొదటి భాగం అయితే ముందు మామూలు వాయింపు ఒకటి రెండుసార్లు వినండి, లేకపోతే గూల్డ్ దేన్ని తిరగేశాడో అంతుపట్టదు. పల్లవిలాంటి థీమ్‌ను ముక్కలు ముక్కలుగా, ఈడుస్తూ మొదలుపెట్టి వేరియేషన్ వేరియేషన్‌కూ వేగం పెంచుకుంటూ పోతాడు. ఐదోదానిమీద మొజార్ట్ అడాజియో, అంటే నెమ్మదిగా, అని రాశాడు. గూల్డ్ అక్కడ కూడా ఆగడు. నచ్చకపోవచ్చు, కానీ ఆ మెట్లవరస వినకుండా తప్పు పట్టడం అన్యాయం.

సోవియట్ పియానిస్టు రిక్టర్ వాయించిన షూబర్ట్ పియానో సొనాటా డి. 960 మొదటి భాగం ఇరవై నిమిషాలు దాటిపోతుంది. అందులో కొంత నెమ్మదితనం, కొంత రిపీట్. నోటేషన్ ఐఎంఎస్ఎల్పీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ముందు పెట్టుకోండి. ఎనిమిదో బారులో ఎడమచేతి మంద్రంలో గుసగుసలాడే ట్రిల్ (పక్కపక్క స్వరాలు రెండింటిని మార్చి మార్చి వేగంగా వాయించడం) ఒకటుంది. రిపీట్‌కు తిరిగివెళ్లే దారిలో షూబర్ట్ తొమ్మిది బార్లు రాశాడు, అక్కడ అదే ట్రిల్ ఉరుములా పేలుతుంది. రిపీట్ వదిలేసినవాళ్ల రికార్డులో ఆ తొమ్మిది బార్లు ఎక్కడా వినిపించవు.