పాప్‌అప్ క్యాంపర్‌ను పికప్‌పై ఎక్కించే ముందు జాగ్రత్తలు

పాప్‌అప్ క్యాంపర్ అంటే పికప్ వెనక తొట్టెలో (బెడ్) పెట్టే చిన్న గది; దాని టాపు పైకి లేస్తే చుట్టూ గుడ్డ గోడలు తెరుచుకుంటాయి. టొయోటా టకోమా లాంటి మిడ్‌సైజ్ పికప్ ట్రక్కుకు దీనితో అసలు గండం బరువే. బ్రోషర్‌లో రాసిన పేలోడ్‌ను (బండి మోయగల బరువును) పక్కన పెట్టి, డ్రైవర్ తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో ఉన్న అంకెనే నమ్మండి. అది మీ బండికే వర్తించేది. అందులోంచి మనుషులు, క్యాంపర్, బ్యాటరీ, ఫ్రిజ్, సామాను అన్నిటి బరువూ తీసేయాలి. నీళ్ల లెక్క చాలామంది మరిచిపోతారు: 20 గ్యాలన్లు దాదాపు 167 పౌండ్లు. అన్నీ నింపాక వేబ్రిడ్జిపై తూచి, వెనక ఇరుసు బరువు విడిగా చూడండి. పేలోడ్ సరిపోయినా ఇరుసు పరిమితి దాటొచ్చు. వెనక స్ప్రింగులకు సాయంగా గాలి నింపే ఎయిర్‌బ్యాగులు వేస్తే వంగిన వెనక భాగం లేస్తుంది, పరిమితి మాత్రం పెరగదు.

• టకోమా బెడ్ కాంపోజిట్‌ది (ఫైబర్ కలిపిన ప్లాస్టిక్). క్యాంపర్‌ను కట్టడానికి బెడ్‌కు బిగించే ఐబోల్టుల (తల రింగులా ఉండే బోల్టుల) కింద వెడల్పాటి స్టీలు ప్లేటు లేకపోతే చీలుతుంది.
• క్యాంపర్‌ను ఐబోల్టులకు లాగి పట్టే టర్న్‌బకిల్స్ (తిప్పితే బిగిసే కొక్కేలు) నాలుగూ సమానంగా బిగించి, అవి తిరిగిపోకుండా లాక్‌నట్ వేయండి. క్యాంపర్ సర్దుకునే కొద్దీ వదులవుతాయి కాబట్టి మొదటి 50 మైళ్లకే ఆగి చూడాలి.
• టాపు దించేముందు వెంట్ (గాలి కిటికీ) తెరవండి. లేకుంటే లోపలి గాలి గుడ్డను బయటికి తోసి, టాపు గొళ్లెంలో (లాచ్) ఇరికిస్తుంది. తడి గుడ్డ మడిస్తే బూజు ఖాయం.
• గ్యాస్ జాయింట్లకు సబ్బునీళ్లు రాసి చూడండి. బయల్దేరేముందు సిలిండర్ వాల్వ్ మూసేయండి.