స్టీలు అతుకు నల్లబడకుండా ఆర్గాన్ పట్టే పద్ధతి

విజయవాడ ఆటోనగర్‌లో పందొమ్మిదేళ్లుగా ఆర్గాన్ వెల్డింగ్ చేస్తున్నాను. కొత్తగా వచ్చే కుర్రాళ్ల ధ్యాసంతా చేతి నేర్పు మీదే. గ్యాసు సంగతి ఎవరూ అడగరు. అతుకులు చెడేది ఎక్కువగా అక్కడే.

ఆ గ్యాసే ఆర్గాన్. అది దేనితోనూ కలవదు. 1894లో గాలిలోంచి దాన్ని విడదీసిన శాస్త్రవేత్తలు రేలీ, రామ్సే గ్రీకులో సోమరి అని అర్థమొచ్చే పేరు పెట్టింది అందుకే. కరిగిన స్టీలు గట్టిపడేదాకా గాలి తగలకుండా కాపు కాయడమే దాని పని.

2 మిల్లీమీటర్ల 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు రేకుకి, గ్యాసు ఎంత వస్తోందో చూపే ఫ్లో మీటర్‌లో గోళీ నిమిషానికి 8 లీటర్ల గీత మీద నిలబడితే చాలు. ఎక్కువ వదిలితే ఇంకా మంచిదనుకోకండి. గ్యాసు సుడి తిరిగి పక్క గాలిని కూడా లోపలికి లాగుతుంది. పని నేర్చుకునే రోజుల్లో ఒక మే నెలలో ఉక్క తట్టుకోలేక టేబుల్ ఫ్యాన్ నా వైపు తిప్పుకున్నాను. ఆ గాలికి గ్యాసు చెదిరిపోయి, ఆ రోజు వేసిన అతుకంతా సూది బెజ్జాలే. మొత్తం గ్రైండర్‌తో కోసి మళ్లీ వేశాను.

అతుకు చివరికి రాగానే టార్చ్, అంటే చేతిలో పట్టుకునే వెల్డింగ్ పిడి, ఎత్తేయకండి. స్టీలుని కరిగించే కరెంటు మెరుపు, అదే ఆర్క్, ఆగాక కూడా గ్యాసు కాసేపు వస్తుంది. 80 ఆంపియర్లకి ఎనిమిది సెకన్లు లెక్క. అంతసేపూ చెయ్యి కదపకుండా అక్కడే ఉంచండి. టార్చ్ చివర ఉండే టంగ్‌స్టన్ కడ్డీ మొన వెండిలా మెరుస్తుంటే సరే, నల్లబడిందంటే తొందరపడ్డారన్నమాట. అతుకు రంగూ అంతే: వెండి, లేత బంగారు రంగు మేలు, బూడిదరంగు వస్తే గ్యాసు అందలేదు.

పాల పైపులకైతే లోపలా ఆర్గాన్ నింపాలి. లేకపోతే లోపలి వైపు మాడిన బెల్లంలా గరుకు కడుతుంది, అందులో పాలు ఇరుక్కుని పులుస్తాయి. రెండు చివరలా టేపు వేసి, కింది నుంచి గ్యాసు వదిలి, పైన చిన్న బెజ్జం ఉంచండి. ఆర్గాన్ గాలికన్నా బరువు కాబట్టి అడుగు నుంచి నిండుతూ గాలిని పైకి నెడుతుంది.

ట్యాంకు లోపలికి దిగి వెల్డింగ్ చేసేటప్పుడు ఆ బరువే ప్రాణం తీస్తుంది. వాసన లేదు, రంగు లేదు, దగ్గూ రాదు. అడుగున చేరి ఊపిరికి ఆక్సిజన్ లేకుండా చేస్తుంది. ట్యాంకులో దిగేముందు ఆక్సిజన్ మీటరు లోపలికి దింపి చూడండి. అడుగు నుంచి గాలి లాగే బ్లోయర్ పెట్టండి, అతుకు దగ్గర మాత్రం గాలి ఆడకూడదు. మూత దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టండి. లోపలివాడు పడిపోయినా ఆ మనిషి దిగకూడదు, నడుముకి కట్టిన తాడుతో పైకి లాగాలి. టీకి బయటికొచ్చేటప్పుడు టార్చ్ లోపల వదలకండి, సిలిండర్ వాల్వు కట్టేసి రండి.