పూత మీదున్న రోజాలకు ఎర్రనల్లి పడితే

తిరుపతిలో మార్చి గడిచి ఎండలు ముదిరేసరికి మిద్దెల మీద కుండీల్లో పెంచుకునే రోజా, కనకాంబరం, బంతి మొక్కల ఆకులు ఉన్నట్టుండి కళ తప్పుతాయి. నీళ్లు చాలలేదేమోనని కొందరు రెండు పూటలా పోస్తారు, బలం చాలలేదేమోనని మరికొందరు గుప్పెడు యూరియా వేస్తారు. కారణం చాలాసార్లు వేళ్లలో కాక ఆకు అడుగున ఉంటుంది. అక్కడ చేరిన ఎర్రనల్లి అనే అతి చిన్న జీవి ఆకు కణాలను గుచ్చి రసం పీల్చడం వల్ల పైభాగాన సూదితో పొడిచినట్లు తెల్లటి సన్నని చుక్కలు ఏర్పడతాయి. ఆ తర్వాత ఆకు రాగిరంగుకు తిరిగి రాలిపోతుంది.

నిర్ధారణకు పెద్ద సాధనాలేమీ అక్కరలేదు. అనుమానం ఉన్న కొమ్మ కింద తెల్ల కాగితం పట్టుకుని కొమ్మను నాలుగైదు సార్లు తట్టండి. కాగితం మీద పడిన దుమ్ములో కొన్ని రేణువులు నెమ్మదిగా కదులుతుంటే అది నల్లియే. దాని పొడవు సుమారు అర మిల్లీమీటరు మాత్రమే కాబట్టి భూతద్దం ఉంటే మంచిది. పేరులో ఎరుపు ఉన్నప్పటికీ చాలా నల్లులు లేత పసుపుపచ్చగా, రెండు పక్కలా నల్లటి మచ్చలతో కనిపిస్తాయి కనుక రంగును చూసి మోసపోకూడదు. ఆకుల మధ్య, మొగ్గల చుట్టూ సన్నని గూడు అల్లుకుని ఉంటే తెగులు బాగా ముదిరిందని అర్థం. మల్లె ఆకుల మీద తెల్లటి నూగు ముద్దలా పెరిగితే మాత్రం అది మరో జాతి నల్లి పని. అది గూడు అల్లదు, దాని సంగతి వేరు.

నల్లి పురుగు కాదు. ఎనిమిది కాళ్లున్న ఈ జీవి సాలీడుకు దగ్గరి చుట్టం. ఈ తేడా తెలియకపోవడం వల్లనే నేను ఒక వేసవి పూలను పోగొట్టుకున్నాను. సంక్రాంతికి కొన్న చామంతి కుండీని నేరుగా రోజాల మధ్య పెట్టాను. ఫిబ్రవరి చివరికి చుక్కలు కనిపించగానే దుకాణంలో అడిగితే వారిచ్చిన సైపర్‌మెత్రిన్ అనే పురుగుమందు సీసా తెచ్చి కొట్టాను. పది రోజుల్లో పిట్టగోడ వెంట ఉన్న కుండీలన్నిటికీ గూళ్లు కట్టాయి. ఆ మందు నల్లిని పెద్దగా చంపలేదు సరికదా, నల్లిని తిని బతికే అక్షింతల పురుగులను, పరభక్షక నల్లులను తుడిచిపెట్టింది. ఇమిడాక్లోప్రిడ్ అనే మరో పురుగుమందు వాడిన చోట కూడా నల్లి పెరగడం తరచుగా కనిపించే విషయమే.

తెగులు సోకిన కుండీని ముందుగా మిగిలిన వాటి నుంచి వేరు చేయండి. గూడు కట్టిన కొమ్మలను, రాగిరంగు తిరిగిన ఆకులను కత్తిరించి, అక్కడికక్కడే సంచిలో వేసి మూతి బిగించండి. ఎరువు గుంటలో వేయవద్దు. సగం విచ్చిన పూల మీద గూడు ఉంటే వాటిని కూడా తీసివేయడమే మేలు, ఎందుకంటే పూరేకుల మడతల్లోకి నీరు గానీ నూనె గానీ సరిగా చేరదు. పూతను వదులుకోలేక ఇక్కడే చాలామంది ఓడిపోతారు.

తర్వాతి ఆయుధం నీరు. కుండీని పక్కకు వంచి, పైపు మూతిని వేలితో సగం మూసి, ధార ఆకు అడుగుభాగానికి తగిలేలా కింది నుంచి పైకి కొట్టాలి. ఈ పని ఉదయం పూట చేస్తే ఎండకు ఆకులు త్వరగా ఆరుతాయి. సాయంత్రం తడిపితే రోజాకు నల్లమచ్చ తెగులు రావచ్చు. విచ్చిన పూలను ముందే కోసుకుని, వరుసగా మూడు రోజులు, ఆపైన రోజు విడిచి రోజు ఇలా కడగండి. పూత మీదున్న మొక్కకు ఇంతకంటే నిరపాయకరమైన వైద్యం లేదు. తెగులు తొలిదశలో ఉంటే చాలాసార్లు ఇదొక్కటే సరిపోతుంది.

కడగడంతో లొంగకపోతే వేపనూనెకు వెళ్లవచ్చు. నాలుగైదు కుంకుడుకాయలను రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడగట్టిన రసంలో 5 మిల్లీలీటర్ల వేపనూనెను వేసి బాగా గిలకొట్టిన తర్వాతనే, మొత్తం ఒక లీటరయ్యేలా నీళ్లు కలపాలి. ముందే నీళ్లలో నూనె పోస్తే అది పైన తేలుతుంది, తేలిన నూనె ఆకులను మాడుస్తుంది. మొదట రెండు ఆకుల మీద కొట్టి ఒక రోజు ఆగి చూడండి. పూలను ఉదయం కోసుకుని, ఎండ దిగిన తర్వాత ఆకు అడుగులు తడిసేలా పిచికారీ చేయండి. రంగు వచ్చిన మొగ్గలపై పడకుండా జాగ్రత్తపడాలి, లేకపోతే రేకులపై మరకలు పడతాయి, ఆ వాసన జడలోనూ పూజగదిలోనూ పోదు.

ఒక్కసారి కొట్టి ఊరుకుంటే ప్రయోజనం లేదు. 30 డిగ్రీల వేడిలో నల్లి గుడ్డు సుమారు మూడు రోజుల్లో పొదిగి, వారం పది రోజుల్లో పెద్దదై మళ్లీ గుడ్లు పెడుతుంది. జత కట్టని ఆడనల్లి పెట్టిన గుడ్ల నుంచి కూడా మగనల్లులు పుడతాయి కాబట్టి ఒక్కటి మిగిలినా సంతతి మొదలవుతుంది. గుడ్ల మీద నూనె ప్రభావం తక్కువగా ఉండవచ్చు కనుక, నాలుగైదు రోజుల ఎడంతో కనీసం మూడుసార్లు కొట్టాలి. క్యాలెండరులో ఆ తేదీలను గుర్తు పెట్టుకోండి.

గంధకం పొడి చవకైనదీ పనిచేసేదీ అయినా మన ఎండలకు నేను దానిని సిఫారసు చేయను. వేడి 35 డిగ్రీలు దాటినప్పుడు అది ఆకులను మాడుస్తుంది, నూనె కొట్టిన రెండు వారాల లోపల వాడితే మరింత హాని చేస్తుంది. రోహిణి కార్తెలో దాని జోలికే పోవద్దు.

ఇంటి మిద్దె మీద రసాయనం చివరి మాట కావాలి. తప్పనిసరి అయితే నల్లిని చంపే మందునే అడగండి: స్పైరోమెసిఫెన్ గుడ్లనూ పిల్లనల్లులనూ, అబామెక్టిన్ తిరిగే నల్లులనూ దెబ్బతీస్తాయి. ఒకే మందును మళ్లీ మళ్లీ వాడితే నల్లి దానికి త్వరగా అలవాటు పడుతుంది కాబట్టి మార్చి వాడాలి. మోతాదుకు సీసా మీది చీటీయే ప్రమాణం. ఎవరైనా పాత నిల్వలోని డైకోఫాల్ అనే నల్లిమందు ఇస్తే తీసుకోవద్దు. దానిని కేంద్ర ప్రభుత్వం 2023లో నిషేధించింది. పూలన్నిటినీ కోసిన తర్వాతనే, తేనెటీగలు తిరగని సాయంత్రం వేళ, చేతితొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని కొట్టాలి. ఆ తర్వాత విచ్చిన తొలి విడత పూలను దేవుడికీ జడకూ వాడకుండా పారవేయండి. గుల్‌కందు చేసుకునే రోజాలకైతే రసాయనం పూర్తిగా మానాలి.

నల్లికి ఎండ, పొడిగాలి, దుమ్ము అంటే ఇష్టం. రోడ్డు వైపు ఉన్న కుండీలకు ముందుగా సోకేది అందుకే. మట్టి పూర్తిగా ఎండకుండా చూడండి, మధ్యాహ్నం రెండు మూడు గంటలు పచ్చవల నీడ ఇవ్వండి, తెగులు తగ్గేవరకు యూరియా ఆపండి. నత్రజని ఎక్కువైన లేత ఆకు నల్లికి విందు. పక్కనే బెండ, వంగ కుండీలుంటే వాటి ఆకులను కూడా తిప్పి చూడండి. నర్సరీ నుంచి తెచ్చిన ఏ మొక్కనైనా పది రోజులు విడిగా ఉంచి, కాగితం పరీక్ష చేసిన తర్వాతనే మిగిలిన వాటితో కలపండి.

చుక్కలు పడిన పాత ఆకులు మళ్లీ పచ్చబడవు, కాబట్టి వాటిని చూసి మందు పనిచేయలేదని అనుకుని ఇంకా ఘాటుగా కొట్టవద్దు. కొత్తగా వచ్చిన చిగురు ఆకులను చూడండి. వాటి మీద మచ్చ లేకుండా, కాగితం మీద కదిలేదేదీ లేకుండా రెండు వారాలు గడిస్తే వేరుచేసిన కుండీని తిరిగి దాని చోటికి చేర్చవచ్చు.