ఫలితాల సీజన్‌లో షేర్లు కొనే ముందు

త్రైమాసిక ఫలితాలు మొదలయ్యాయంటే ఫోన్ నిండా "లాభం రెట్టింపు" మెసేజ్‌లే. అవి చూసి టెన్షన్‌పడి కొనేయకండి. ముందు కంపెనీ దాఖలు చేసిన అసలు కాగితం తెరవండి. అమెరికా కంపెనీలవి అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ నడిపే ఎడ్గార్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి: వార్షిక నివేదికను 10-కె అని, మూడు నెలలదాన్ని 10-క్యూ అని అంటారు. భారత కంపెనీలవైతే బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలో ఉంటాయి. ప్రెస్ రిలీజ్‌ను నమ్ముకోవద్దు. అందులో కంపెనీ తనకు నచ్చిన అంకెనే ముందు పెడుతుంది.

అంకెలు లక్షల్లోనా, కోట్లలోనా, మిలియన్లలోనా అన్నది పట్టిక పైన చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసుకోండి. అనుబంధ సంస్థలు ఉంటే వాటి లెక్కలు కూడా కలిపి చూపే కన్సాలిడేటెడ్ పట్టికే చదవండి.

ఇక లాభం. నికర లాభం 100 కోట్ల నుంచి 200 కోట్లకు చేరిందనుకోండి. కాస్త పైకి వెళ్తే 'ఎక్సెప్షనల్ ఐటమ్స్' అన్న వరుసలో స్థలం అమ్మితే వచ్చిన 120 కోట్లు కనిపించవచ్చు. పన్ను లెక్క పక్కన పెడితే, అసలు వ్యాపారంలో మిగిలింది 80 కోట్లే! స్థలం మళ్లీ వచ్చే ఏడాది అమ్మలేరు కదా.

అన్నిటికంటే నేను ఎక్కువసేపు చూసేది క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్, అంటే నగదు రాకపోకల పట్టిక. లాభం ఏటా పెరుగుతూ, వ్యాపారం నుంచి చేతికొచ్చే నగదు మాత్రం తగ్గుతూ ఉంటే ఆగిపోండి. సరుకు అరువు మీద పోతోందేమో, రావలసిన బాకీలు అమ్మకాలకంటే వేగంగా పెరుగుతున్నాయేమో చూడండి. భారత కంపెనీల ఫలితాల్లో ఈ పట్టిక ఆరు నెలలకోసారే వస్తుంది. మధ్యలో వచ్చే త్రైమాసికాల్లో కనిపించకపోతే కంగారుపడకండి, కిందటిది తీసి చూడండి.

పట్టికల వెనక వచ్చే వివరణలు, అంటే నోట్స్, విసుగనిపించినా వదలొద్దు. అమెరికా ఇంధన కంపెనీ ఎన్రాన్ 2000 వార్షిక నివేదికలో ఆదాయం 100 బిలియన్ డాలర్లు దాటింది. అదే నివేదికలో, కంపెనీ సీనియర్ అధికారి ఒకరు నడిపే భాగస్వామ్య సంస్థలతో లావాదేవీలు జరిగాయని వెనక నోట్స్‌లో రాసే ఉంది. 2001 డిసెంబర్ 2న కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అందుకే 'రిలేటెడ్ పార్టీ' (కంపెనీతోనో, దాని పెద్దలతోనో సంబంధమున్న వ్యక్తి లేదా సంస్థ) అన్న మాట ఎక్కడ కనిపించినా ఆ పేరా రెండుసార్లు చదవండి.

త్రైమాసిక అంకెలకు మామూలుగా పూర్తి ఆడిట్ ఉండదు, పరిమిత సమీక్షే. ఆడిటర్ మాటలు పూర్తిగా కావాలంటే వార్షిక నివేదిక తీయండి. అందులో 'క్వాలిఫైడ్ ఒపీనియన్' (లెక్కల్లో కొంత భాగంపై ఆడిటర్ అభ్యంతరం) అని ఉన్నా, ఆడిటర్ గడువుకు ముందే తప్పుకున్నా, కారణం తెలిసేదాకా డబ్బు పెట్టకండి.