నిమ్మ చెట్టు మీది పురుగును సీతాకోకచిలుక అయ్యేదాకా పెంచి చూడటం ఎలా?

పొదలకూరు, సైదాపురం ప్రాంతాల నిమ్మ తోటల్లో వాన పడి కొత్త చిగురు వేసిందంటే, నల్లని రెక్కల మీద పసుపు మచ్చలున్న సీతాకోకచిలుకలు చెట్ల చుట్టూ తిరుగుతూ కనిపిస్తాయి. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పాపిలియో డెమోలియస్ అని శాస్త్రీయ నామం పెట్టిన జాతి ఇది. దీని పురుగు నారుమళ్లలో, కొత్తగా నాటిన మొక్కల మీద చిగురంతా తినేసి నిజంగానే నష్టం చేస్తుంది కనుక అక్కడ ఏరివేయక తప్పదు. కాపుకొచ్చిన చెట్టుకు నాలుగు పురుగుల వల్ల వచ్చే ముప్పేమీ లేదు. మందు డబ్బా చేతపట్టే ముందు ప్రతి ఇంట్లోనూ ఒక్కసారైనా ఈ పురుగును పెంచి చూడాలని నా కోరిక.

ముందుగా మందు కొట్టని చెట్టును ఎంచుకోవాలి. పెరటి చెట్టయితే మేలు. లేత ఆకుల మీద ఒక మిల్లీమీటరు పరిమాణంలో, గుండ్రంగా, లేత పసుపు రంగులో ఒంటరిగా ఉండే గుడ్డు కోసం వెతకాలి. గుడ్డు దొరకకపోతే, ఆకు మీద ఎండిన పిట్ట రెట్టలా కనిపించే దాన్ని కాసేపు గమనించాలి. అది కదిలితే మీరు వెతుకుతున్న పురుగు అదే. పక్షులు తినకుండా చిన్న వయసులో దానికి ఆ వేషమే రక్ష.

ఆకుతో సహా రెమ్మను తుంచి, నీళ్లు పోసిన చిన్న సీసాలో నిలిపి, పురుగు జారి నీళ్లలో పడకుండా సీసా మూతిని దూదితో బిగించాలి. దీన్ని వెడల్పాటి గాజు జాడీలో పెట్టి, పైన పలుచని గుడ్డ కట్టి, ఎండ తగలని చోట ఉంచాలి. రోజూ రెట్టలు తీసేసి, తాజా నిమ్మాకు పెట్టాలి. బయట ఈ జాతి కరివేపాకు, మారేడు ఆకులు కూడా తింటుంది గానీ, మొదలుపెట్టిన ఆకును మధ్యలో మార్చకపోవడం మంచిది.

పురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. నాలుగోసారి తర్వాత రెట్ట వేషం పోయి ఆకుపచ్చగా, నున్నగా తయారవుతుంది. ఒంటి మీద నూగు లేదు కనుక దురద పుడుతుందన్న భయం అక్కర్లేదు. మా పెరటి పురుగును ఈ దశలో పుల్లతో మెల్లగా తాకితే, తల వెనక నుంచి పాము నాలుకలా చీలిన ఎర్రటి కొమ్ము బయటికి వచ్చి, ఘాటైన వాసన గదంతా అలుముకుంది. శత్రువును బెదరగొట్టే ఆ అవయవాన్ని ఒకసారి చూస్తే చాలు, పదే పదే విసిగించకూడదు.

తిండి మాని అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టగానే ఒక ఎండుపుల్లను జాడీలో ఏటవాలుగా నిలబెట్టాలి. పురుగు తోక చివరను పుల్లకు అంటించుకుని, నడుము చుట్టూ ఒక పట్టుదారం బిగించుకుని ప్యూపాగా, అంటే పెంకు లోపల సీతాకోకచిలుకగా రూపుమారే కదలని దశకు మారుతుంది. ఇక జాడీని కదపకూడదు. వారం పది రోజుల్లో పెంకు పలుచబడి లోపలి రెక్కల రంగు బయటికి కనిపిస్తే, సాధారణంగా మరుసటి ఉదయమే సీతాకోకచిలుక వస్తుంది. ముడతలు పడిన తడి రెక్కల్లోకి అది ద్రవాన్ని నింపుకుని విప్పుకునేదాకా చేయి తగలనివ్వకూడదు. ఆ సమయంలో రెక్క వంగితే మళ్లీ సరికాదు.

ఒక్కోసారి సీతాకోకచిలుకకు బదులు ప్యూపాకు చిల్లు పెట్టుకుని చిన్న కందిరీగల్లాంటి కీటకాలు వస్తాయి. మీ పెంపకంలో లోపమేమీ లేదు. తోటలో ఈ పురుగుల సంఖ్యను అదుపులో ఉంచే పరాన్నజీవులు అవి. వాటిని కూడా చంపకుండా నిమ్మ చెట్టు దగ్గరే వదిలిపెట్టండి.