డ్రైసూట్ సంరక్షణ – 3వ పాఠం: జిప్పు

పోయిన పాఠంలో డ్రైసూట్‌కి (చన్నీళ్ళలో డైవింగ్‌కి వేసుకునే, నీరు లోపలికి రాని సూట్‌కి) ఉండే మెడ సీలు, మణికట్టు సీళ్ళు, అంటే నీరు చొరబడకుండా ఒంటిని బిగించి పట్టే అంచులు, ఎలా కడిగి ఆరబెట్టాలో చూశాం. ఈసారి జిప్పు. సీలు చిరిగితే ఇంకోటి వేసుకోవచ్చు. జిప్పు పోతే మాత్రం సూట్‌ని మరమ్మతుకి పంపాలి. వాళ్ళు పాతది కోసి తీసి, కొత్తది జిగురుతో అతికించి, పరీక్షించి పంపేసరికి డైవింగ్ సీజనే అయిపోవచ్చు. అందుకే ఈ పాఠానికి ఒక పూట కేటాయించండి.

విశాఖలో ఋషికొండ దగ్గర డైవింగ్ నేర్చుకున్నవాళ్ళకి డ్రైసూట్‌తో పని పడి ఉండదు. ఆ నీళ్ళకి వెట్‌సూట్ (లోపలికి కాస్త నీరు వచ్చే మామూలు డైవింగ్ సూట్) చాలు. నేను డ్రైసూట్ వేసుకున్నది స్కాట్లండ్ వచ్చాకే. ఆర్క్నీ దీవుల్లో స్కాపా ఫ్లో అనే సముద్రపు కొలను ఉంది. 1919 జూన్ 21న జర్మన్లు తమ యుద్ధనౌకల్ని తామే ముంచేసుకున్న చోటు. మూడు పెద్ద యుద్ధనౌకలు, నాలుగు క్రూయిజర్లు ఇప్పటికీ అడుగున ఉన్నాయి. నడివేసవిలో కూడా నీళ్ళు చల్లగానే ఉంటాయి. పైగా నీరు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. అక్కడే ఒకసారి తొందరపడ్డాను. వీపు మీది జిప్పు నా జోడీ (నాతో కలిసి డైవ్ చేసేవారు) లాగారు, నేను సరిచూడమని అడగలేదు. దిగిన కాసేపటికి రెండు భుజాల మధ్య నుంచి నడుము దాకా చల్లటి గీత ఒకటి జారింది. డైవ్ ఆపి పైకొచ్చేశాం. విప్పి చూస్తే పళ్ళ మధ్య లోపలి ఫ్లీస్ పోగు, బూడిదరంగుది, గోరంత పొడవు. అంతే.

అంత చిన్న పోగు అంత నీరు ఎలా తెచ్చింది? లోహపు జిప్పులో నీటిని ఆపేది పళ్ళు కాదు. పళ్ళ వెనక రెండు రబ్బరు అంచులు ఉంటాయి. పళ్ళు వాటిని ఒకదానికొకటి గట్టిగా అదిమి పట్టుకుంటాయి, నీరు ఆగేది ఆ అదుములో. అంచుల మధ్య పోగో, ఇసుక రేణువో, ఉప్పు గడ్డో ఉంటే అక్కడ సందు పడ్డట్టే. ఇది అర్థమైతే మిగతా పాఠమంతా మీరే ఊహించగలరు.

డైవ్ అయ్యాక ముందు జిప్పు మూసి ఉంచే మంచినీళ్ళతో పైనుంచి కడగండి. లేకపోతే లోపలంతా తడుస్తుంది. ఇంటికొచ్చాక జిప్పు పూర్తిగా తెరిచి, గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు వేసి, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో పళ్ళని ఒక్కో వరసా తోమండి. రబ్బరు అంచుని ప్రత్యేకంగా వేలితో తడమండి. కంటికి కనిపించని ఇసుక వేలికి గరగరలాడుతుంది. రాగి కలిసిన లోహం కాబట్టి పళ్ళ మొదట్లో పచ్చటి చిలుము కనిపించవచ్చు, అదీ బ్రష్‌తోనే పోవాలి. సబ్బు మిగలకుండా కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు, రబ్బరు పెళుసెక్కుతుంది.

మైనం ఆ తరువాతే. చాలామంది మురికి మీదే మైనం రాసేస్తారు. అప్పుడు ఇసుక పళ్ళకి ఇంకా అంటుకుపోయి, రన్నర్ (జిప్పుని మూసే, తెరిచే ముక్క) కదిలినప్పుడల్లా ఆకురాయిలా గీస్తుంది. ఆరిన జిప్పుని మూసి, తేనెమైనం ముక్కతో గానీ రంగు, వాసన లేని మామూలు కొవ్వొత్తితో గానీ పళ్ళ పైవైపు మాత్రమే రుద్దండి. రన్నర్‌ని రెండుసార్లు నెమ్మదిగా అటూ ఇటూ నడిపి, మిగిలిన మైనాన్ని పొడిగుడ్డతో తుడిచేయండి. సిలికాన్ స్ప్రే జోలికి మాత్రం పోవద్దు. అది టేపులోకి (పళ్ళు బిగించి ఉన్న పట్టీలోకి) ఇంకితే రేపు జిప్పు మార్చాల్సి వచ్చినప్పుడు జిగురు పట్టదు.

మీ జిప్పు ప్లాస్టిక్‌ది అయితే మైనం పని లేదు. కడగడం మామూలే. మూసినప్పుడు రన్నర్ వెళ్ళి కూర్చునే చివరి గూటిలో, తయారీదారు ఇచ్చిన గ్రీజు బియ్యపుగింజంత పెట్టండి, చాలు.

లాగే పద్ధతి కూడా నేర్చుకోవాలి. జిప్పు ఏ గీతలో ఉందో ఆ గీతలోనే లాగాలి, పక్కకి కాదు. ఒక చేత్తో జిప్పు మొదలు దగ్గర సూట్‌ని బిగించి పట్టుకుని, రెండో చేత్తో నెమ్మదిగా లాగండి. బిగిస్తే బలం పెంచకండి. వెనక్కి తీసి, ఏం ఇరుక్కుందో చూడండి. జోడీ లాగుతుంటే "పోగులేమైనా ఉన్నాయా?" అని నోరు తెరిచి అడగండి. నేను ఇప్పుడు ప్రతిసారీ అడుగుతాను.

దాచేటప్పుడు లోహపు జిప్పుని తెరిచే ఉంచి, మడత పడకుండా సూట్‌ని వదులుగా చుట్టండి. జిప్పు ఒకేచోట మడత పడి ఉంటే అక్కడ టేపు పగులుతుంది.

వచ్చే పాఠంలో సూట్‌లో గాలి నింపి, సబ్బునీళ్ళతో కారే చోటు పట్టుకోవడం నేర్చుకుందాం. అందాకా మీ జిప్పుని వెలుతురులో మెల్లగా వంచి, వరస తప్పిన పన్ను గానీ టేపు మీద సన్నని పగులు గానీ ఉందేమో చూసి, ఆ చోటు చాక్‌పీస్‌తో గుర్తుపెట్టండి. పరీక్ష అక్కడి నుంచే మొదలుపెడదాం.