కరోనా మిగిల్చిన పేదరికాన్ని ఇంటింటా లెక్కగట్టడం ఎలా

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల రేకుల షెడ్లలో ఉంటూ భవన నిర్మాణ పనులకు వెళ్లే మన తెలుగు కుటుంబాలు కరోనా వల్ల ఎంత చితికిపోయాయో తెలుసుకుందామని బయలుదేరేవారు సాధారణంగా "మీ ఆదాయం ఎంత తగ్గింది?" అని మొదలుపెడతారు. లెక్క తప్పేది అక్కడే. పనులు మళ్లీ మొదలయ్యాక కూలి రేటు ఎంతో కొంత పెరిగే ఉంటుంది కాబట్టి, నేటి కూలిని నాటి కూలితో పోలిస్తే ఆ ఇంటికి ఏ నష్టమూ జరగనట్టే కనిపిస్తుంది. అసలు నష్టం అమ్ముకున్న వస్తువుల్లోను, తాకట్టులోను, వడ్డీలోను దాగి ఉంటుంది.

ముందుగా కాలాన్ని పండుగలతో గుర్తు చేయాలి. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25 సరిగ్గా ఉగాది రోజు. ఆ పండక్కి ఊరు చేరిందెవరో, షెడ్డులోనే చిక్కుకుపోయిందెవరో ఏ ఇంట్లో అడిగినా చెప్తారు. అందుచేత అంతకు ముందటి సంక్రాంతి నాటి స్థితిని ఒక గడిలో, ఉగాది తర్వాతి నెలలను రెండో గడిలో, 2021 ఏప్రిల్ 27న కర్ణాటకలో మళ్లీ ఆంక్షలు వచ్చాక జరిగినదాన్ని మూడో గడిలో, నేటి స్థితిని నాలుగో గడిలో రాసుకోవాలి. రెండో విడతను మొదటిదాంతో కలిపేయకూడదు. మొదటిసారి చేతిలో ఉన్నది ఖర్చుపెట్టుకుని గట్టెక్కినవారే రెండోసారి అప్పుకు వెళ్లడం మేము చాలా ఇళ్లలో చూశాము.

వడ్డీని శాతాల్లో అడగకుండా "నూటికి ఎన్ని రూపాయలు?" అనే అడగాలి. నూటికి 5 రూపాయలంటే ఏడాదికి 60 శాతం. 30,000 రూపాయల అప్పుకు నెలకు 1,500 చొప్పున కడుతూ పోతే 20 నెలలకు అసలంత సొమ్ము వడ్డీకే పోతుంది, అసలు మాత్రం కదలదు. ఆటో నడిపేవారిని బ్యాంకు వాయిదాల గురించి కూడా అడగండి. 2020లో రిజర్వు బ్యాంకు ఆగస్టు నెలాఖరు దాకా అనుమతించిన మారటోరియాన్ని, అంటే వాయిదాలు తర్వాత కట్టుకునే వెసులుబాటును, కొందరు మాఫీ అనుకున్నారు గానీ, ఆ నెలలకూ వడ్డీ పడుతూనే వచ్చింది.

బంగారం సంగతి నేరుగా అడిగితే చెప్పరు. ఒక ఇంట్లో "మాదేమీ పోలేదన్నా" అన్న ఆవిడ చెవులకు కమ్మలకు బదులు చీపురుపుల్లలు ఉన్నాయి. కాసేపటికి ఆవిడే ఆధార్ కార్డులున్న ప్లాస్టిక్ కవరులోంచి తాకట్టు చీటీ తీసి చూపించింది. అటువంటి చీటీ దొరికితే తేదీ, తూకం, ఇచ్చిన సొమ్ము రాసుకుని, నగ విడిపించారా, వేలానికి పోయిందా అన్నది అడిగి తెలుసుకోవాలి.

అందిన సాయాన్ని కూడా విడిగా రాయాలి. 2020 ఏప్రిల్ నుంచి మూడు నెలల పాటు మహిళల జన్‌ధన్ ఖాతాల్లో నెలకు 500 చొప్పున వేసిన రూపాయలు చేతికి వచ్చాయా? రేషన్ ఎక్కడ తీసుకున్నారు? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక 2020 జనవరి 1 నాటికే ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకంలో చేరాయి కనుక, ఆహార భద్రత చట్టం కింద సొంతూళ్లో ఇచ్చిన కార్డు కాగితం మీద ఇక్కడ కూడా చెల్లాలి. డీలరు ఏమన్నాడో వారి మాటల్లోనే రాయండి.

ఇలా తేలిన అంకెలను పెద్ద నివేదికల పక్కన పెట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. ఈ నగరంలోనే ఉన్న అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం మొదటి ఏడాదిలో అదనంగా సుమారు 23 కోట్ల మంది జాతీయ కనీస వేతన స్థాయికి దిగువకు జారారని 2021లో అంచనా కట్టింది. అది ఆదాయపు కొలత, మీరు తీస్తున్నది అప్పుల, ఆస్తుల లెక్క.

లేచి వచ్చేముందు రాసుకున్నదంతా భార్యాభర్తలిద్దరికీ చదివి వినిపించండి. చదవడం పూర్తయ్యేలోపే ఒకరికి తెలియని చేబదులు మరొకరి నోట బయటపడుతుంది.